తాళాల గుత్తి

ఇరవై రెండేళ్లు నా నడుముకి వేలాడింది
ఎలక్ట్రానిక్స్ ల్యాబు తాళం.
జూన్ పొద్దుల్లో మ్జూజూ చలికి
ఆ ఇనుము తొడకి తగిలితే చురుక్కుమనేది.

గదిలో ఒకటే ఆసిలోస్కోపు.
ఏ దేశం వాళ్లో వాడి వాడి దానమిచ్చింది.
దానికి నేను కుట్టించిన గుడ్డ ముసుగు,
ముసుగు మీద మా ఆవిడ అల్లిన పూలు.
అరవైమంది పిల్లలు, ఒక్క తెర.
ముందు వరుసవాడు మీట తిప్పేవాడు,
రెండో వరుసవాడు వాడి భుజం చూసేవాడు,
చివరి వరుసలో లుసుంగు
గోడ మీద బల్లిని చూసేది.
పరీక్షలో మాత్రం అందరూ
అలని అచ్చు గుద్దినట్టు గీసేవాళ్లు.

"ముట్టుకోవద్దు" అని రాసింది నేనే,
ఎర్ర సిరాతో, ఇంతింత అక్షరాలతో.
ఆ బోర్డంటే కాస్త గర్వం కూడా నాకు.

ఒక మంగళవారం ముంథాలి మేడం
అరటిపళ్ల బుట్టల్లో నలభై డబ్బాలు మోయించుకొచ్చింది.
డబ్బా అంటే డబ్బానే,
మధ్యాహ్నానికి అన్నం పెట్టుకునేంత.
లోపల చిల్లుల పలక, రంగు తీగలు,
చారల రెసిస్టర్లు ఓ గుప్పెడు,
అగ్గిపెట్టెంత పరికరం ఒకటి.
కంప్యూటరుకి గుచ్చితే
అదే ఆసిలోస్కోపట!
ఏనుగుని సంచిలో వేసి
సంతకి తెచ్చానన్నట్టుంది.

"ఇళ్లకి తీసుకెళ్లండి" అందామె.
ఇళ్లకా?
రిజిస్టరు తెరిచి పట్టుకుని నిలబడ్డాను,
సంతకం ఏ గడిలో పెట్టించాలో తెలీక.

కొన్ని మినీబస్సుల్లో ఒళ్లో కూర్చుని వెళ్లాయి,
కొన్ని సైకిలు వెనక.
ఒకటి న్ఖాటా బే నుంచి పడవెక్కింది
ఎండు ఉసిపా చేపల బస్తా పక్కన.
తిరిగొచ్చాక సెమిస్టరంతా
ఆ వాసన వదల్లేదు.

వింబాని కెపాసిటర్ తిరగేసి పెట్టాడు.
టప్పుమంది.
వాళ్ల అమ్మమ్మ పిండి కలిపే గరిటెతో పరుగెత్తుకొచ్చిందట.
మర్నాడు ఆ పేలిన పెంకు
ఊడిన పాలపన్నులా అరచేతిలో పెట్టుకుని
మేడం ముందు నిలబడ్డాడు.
తిడుతుందనుకున్నాను.
"ఏ కాలు ఎటు పెట్టావ్?" అంది. అంతే.

ఇరవై రెండేళ్లలో నా గదిలో
ఒక్కటీ పేలలేదు.
నిన్నటిదాకా చెప్పుకు తిరిగిన ఆ మాట
ఆ రాత్రి పక్కలో ముల్లయింది.

లుసుంగుది మా వీధే.
శనివారం సాయంత్రం, వాళ్లమ్మ టొమాటోలమ్మే బల్ల మీద
డబ్బా తెరిచి,
వాళ్లన్న పాత ల్యాప్‌టాపుకి తగిలించి,
"బాబాయ్, ఈ మొన పట్టుకో" అంది.
చెయ్యి వెనక్కి లాక్కున్నాను.
నా బోర్డు నాకే అడ్డమొచ్చింది.
"ఏం కాదు, పట్టుకో."

పట్టుకున్నాను.
తెర మీద గీత లేచి ఊగింది.
ఎక్కడా ఏ బ్యాటరీ కలపలేదు,
నా వేలే.
గోడల్లోంచి, వీధి స్తంభాల్లోంచి,
తలకాయ మీది బల్బు తీగలోంచి
ఊళ్లో కరెంటు నా ఒంటిని తాకిపోతోందట
సెకనుకి యాభైసార్లు.
యాభై ఆరేళ్లు నిండాయి,
ఎవరూ చెప్పలేదు నాకు.

అప్పుడే కరెంటు పోయింది. రోజూ పోయే వేళే.
వీధి వీధంతా ఉస్సురంది.
బ్యాటరీ మీద తెర ఒక్కటే వెలుగుతోంది.
అందులో నా గీత
సాపుగా పడుకుంది.
వేలు తియ్యనే లేదు నేను.
లోపల్నుంచి వాళ్లమ్మ తొంగి చూసి
"పోయాడా?" అంది.
నవ్వలేక చచ్చాం.

కొవ్వొత్తి వెలిగించలేదెవరూ.
గుత్తి గుచ్చుకుంటుంటే మొలలోంచి లాగి
టొమాటోల పక్కన పెట్టాను.
ఎసట్లో మొదటి బుడగ కోసం చూసినట్టు
ఆ గీతనే చూస్తూ కూర్చున్నాం.

కాసేపటికి అడిగాను,
ఆ పిల్లల వయసులో అడగాల్సింది:
"కరెంటొస్తే ముందు లేచేదేది,
బల్బా, నా గీతా?"

లుసుంగు బల్బుకేసి చూసింది, తెరకేసి చూసింది.
"తెలీదు బాబాయ్" అంది,
"వేలు తియ్యకు."